రెండు రాళ్ళకొక వంతు

గురజాలలో సైకిలు పందేలను గురించి వాదించుకునేవాళ్ళం మొత్తం ముగ్గురం. ఒకరు సైకిలు షాపు యజమాని. ఊళ్ళో అందరూ ఆయనను భాయ్ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. రెండవవారు ఆడపిల్లల బడిలో వ్యాయామం నేర్పే టీచరమ్మ. మూడవవాణ్ణి నేను. కోర్టులో శిరస్తదారుగా పనిచేసి, ముప్పై ఏళ్ళకు పైగా కాగితాలను క్రమంలో పెట్టి, పదవీ విరమణ చేసినవాణ్ణి. తెల్లవారుజామున ముగ్గురమూ కలిసి గేరు సైకిళ్ళు తొక్కుతుండేవాళ్ళం. ఆ అలవాటు నాకు వైద్యుడి ఆజ్ఞ వల్ల, టీచరమ్మకు ఉద్యోగం వల్ల అబ్బింది. భాయ్‌కి మాత్రం నడకతోపాటే వచ్చింది.

జూలై నెలలో ఫ్రాన్సు దేశమంతా చుట్టి వచ్చే మూడు వారాల పోటీ జరుగుతుంది. వాళ్ళ మధ్యాహ్నం మనకు సాయంత్రం. టీచరమ్మ బడి నుంచి నేరుగా షాపుకు వచ్చి, తన ఫోనులోని ప్రసారాన్ని అక్కడి టీవీకి తగిలించేది. వాళ్ళిద్దరూ పేర్చిన పాత టైర్ల మీద కూర్చునేవారు, నాకు మాత్రం కుర్చీ వేసేవారు. ఒకే పందేన్ని మేము మూడు విధాలుగా చూసేవాళ్ళం. భాయ్ కళ్ళు యంత్రం మీద ఉండేవి. గేరు మారినప్పుడు చైను కదిలిన తీరును బట్టి, ఈ మనిషి అలిసిపోయాడని ముందుగానే చెప్పేవాడు. టీచరమ్మ తొక్కేవాళ్ళ కాళ్ళను, వాళ్ళు ఊపిరి తీసే పద్ధతిని గమనించేది. నేను నడవడిని చూసేవాణ్ణి. ఎవరు నియమం ప్రకారం తొక్కుతున్నారు, ఎవరు తొక్కడం లేదు అన్నదే నాకు ముఖ్యం.

నేను చెప్పబోయే ఏడాది, జూలై మొదట్లోనే భాయ్‌ని నరసరావుపేటలోని ఎముకల డాక్టరు పరీక్షించాడు. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయిందని, ఆపరేషను తప్పదని చెప్పి ఆగస్టులో తేదీ ఇచ్చాడు. ఆ తరువాత నడవవచ్చునట. దూరప్రయాణం సైకిలు మీద చేయడం మాత్రం మరచిపొమ్మన్నాడట. ఈ సంగతి మాకు చెప్పిన సాయంత్రమే భాయ్ ఇంకొక మాట అన్నాడు.

“నలభై ఏళ్ళ నుంచి సాగరు పోయేవాళ్ళ సైకిళ్ళకి గాలి కొడతన్నా సార్. నేను మాత్రం సైకిలు మీద మాచర్ల దాటలా. కాలు కోసేలోపు ఒక్కసారి విజయపురి సౌత్ దాకా తొక్కి ఆ డ్యాము చూడాల. బస్సులో చానా సార్లు చూశా. అది లెక్కలోకి రాదు.”

ఆ కోరిక నాకు సమంజసంగానే తోచింది. గురజాల నుంచి రెంటచింతల, మాచర్ల మీదుగా యాభై పైచిలుకు కిలోమీటర్లు. పందెంగాళ్ళకు అది ఒక లెక్క కాదు. అరిగిన మోకాలున్న అరవై ఏళ్ళ మనిషికి అది పెద్ద లెక్క. దానికి తోడు ఆషాఢమాసపు గాలి పడమటి నుంచి వీస్తుంది, మేము వెళ్ళవలసినదీ పడమటికే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా మధ్య పెద్ద వాదం జరిగింది. తెర మీద ఇద్దరు పోటీదారులు మిగిలిన గుంపును చాలా వెనుక విడిచి వచ్చారు. నీలి చొక్కావాడు ఎదురుగాలిని చీల్చుకుంటూ ముందు తొక్కుతున్నాడు. ఎర్ర చొక్కావాడు అతని వెనుక చక్రానికి జానెడు దూరంలో, గాలి తగలని చోట, తల వంచుకుని హాయిగా వస్తున్నాడు. ముందువాడు మోచెయ్యి ఆడించాడు. ఇక నీ వంతు, ముందుకు రమ్మని ఆ ఆటలో దానికి అర్థం. వెనుకవాడు చూడనట్టు ఊరుకున్నాడు. ముందువాడు మళ్ళీ ఆడించాడు, వెనుకవాడు మళ్ళీ చూడలేదు. అలా మైళ్ళకు మైళ్ళు గడిచిన తరువాత, ముగింపు గీత కనబడుతున్నదనగా, ఎర్ర చొక్కావాడు పక్కకు తప్పుకుని ఒక్క ఊపులో దాటిపోయి రెండు చేతులూ పైకెత్తాడు.

“ఇది కబ్జా” అన్నాను.

“కబ్జా ఏంది సార్? రోడ్డు గవర్నమెంటుది, గాలి దేవుడిది. వాడు దేన్ని కబ్జా చేశాడు?” అన్నాడు భాయ్.

“ఇంకొకడి కష్టాన్ని.”

“ముందు తొక్కమని వాడి మెడ మీద కత్తేమన్నా పెట్టారా బాబాయ్ గారూ? ఆగొచ్చుగా!” అంది టీచరమ్మ. “ఆగితే వెనకున్న గుంపొచ్చి మింగుద్ది. అందుకని తొక్కాడు. ఆ సంగతి ఈ ఎర్రచొక్కా వాడికి తెలుసు. దాన్నే బుర్ర అంటారు.”

“బుర్ర ఒక్కటే చాలదమ్మా, బుద్ధి కూడా చూడాలి.”

“బుద్ధిమంతులకి వేరే పోటీ పెడదాంలెండి. గెలిచినోడికి పలకా బలపం బహుమతి.”

భాయ్ పగలబడి నవ్వాడు. నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నా భాష మరింత కట్టుదిట్టమవుతుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. “ఇంకొకడి వీపు చాటున దారి గడిపేవాడు ఆటగాడు కాడు, పరాన్నభుక్కు. అటువంటివాడు గమ్యం చేరినా చేరినట్టు కాదు” అన్నాను.

టీచరమ్మ నాకు బదులు చెప్పడానికి నోరు తెరిచింది. భాయ్ మాత్రం నవ్వు ఆపి, ఒళ్ళో ఉన్న చక్రాన్ని తిప్పుకుంటూ చువ్వలు బిగించడం మొదలుపెట్టాడు. నా వాదం నెగ్గిందనుకున్నాను.

ప్రయాణానికి నెలాఖరు ఆదివారం నిర్ణయించాము. నేను ఒక తెల్లకాగితం మీద ఏడు నియమాలు రాసి తీసుకుపోయాను. బయలుదేరవలసిన సమయం, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలి, ఎవరు ఏ సామాను తేవాలి అన్నీ అందులో ఉన్నాయి. నాలుగవది వంతుల నియమం. ముందు ఉన్నవారు రెండు కిలోమీటరు రాళ్ళు దాటిన పిమ్మటనే వెనుకకు తప్పుకోవాలి, ముగ్గురికీ సమానం, మినహాయింపు లేదు.

టీచరమ్మ చదివి, “ఇది సైకిలు ప్రయాణమా, కోర్టు సమనా బాబాయ్ గారూ?” అంది. తరువాత నవ్వు ఆపి, “అన్న మోకాలికి ముందు వంతు పడదు. మనిద్దరం ముందుందాం, అన్న వెనకాల వస్తాడు” అంది.

నేను జవాబు చెప్పేలోపే భాయ్ అందుకున్నాడు. “వద్దమ్మా. నా వంతు నేను తొక్కుతా. రేపు పోయినాక చేరినా చేరినట్టు కాదంటే ఎట్టా?”

నవ్వుతూనే అన్నాడు. నా తర్కం ఆయనకు నచ్చిందని నేను సంతోషించాను. ఆ సంతోషాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

భాయ్ ఇల్లు షాపు వెనుకనే. ఆయన భార్య ఆయనతో ఉర్దూలో మాట్లాడినా, మేమున్నప్పుడు మా మర్యాద కోసం తెలుగులోనే తిట్టేది. టీ గ్లాసులు తెచ్చి పెడుతూ నా వైపు తిరిగింది. “ఏందన్నా, చదువుకున్నోళ్ళు, మీరన్నా చెప్పకూడదా? డాక్టరు కాలు కోస్తానంటే ఈయన సాగరు పోతానంటాడేంది! పెళ్ళికి రమ్మంటే మోకాలు నొప్పి, సాగరు అనేసరికి నొప్పి ఎటు పోయింది?”

“అది సైకిలెక్కితే తగ్గుద్ది” అన్నాడు భాయ్.

“అయితే సైకిలు మీదే పండుకో” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆదివారం తెల్లవారుజామున మాత్రం మజ్జిగ సీసాలు మూడు నింపి, మూడు సైకిళ్ళకూ తానే తగిలించింది.

రెంటచింతల దాకా నా నియమాలు గడియారంలా నడిచాయి. గాలి ఇంకా లేవలేదు. రెండు రాళ్ళు నేను, రెండు రాళ్ళు టీచరమ్మ, రెండు రాళ్ళు భాయ్. ఎవరూ ఎవరికీ గుర్తు చేయవలసిన అవసరం లేకుండా ముందువారు తప్పుకుంటే వెనుకవారు వచ్చేవారు. రోడ్డుకు రెండు వైపులా నాపరాళ్ళు నిలబెట్టిన కంచెలు, వాటి వెనుక జానెడు ఎత్తు పత్తి మొక్కలు. ఇంత చక్కని క్రమంలో సాగరు దాకా వెళతామని మనసులో అనుకున్నాను.

రెంటచింతల దాటాక ఎండ వచ్చింది, ఎండతో పాటు గాలి లేచింది. మొహం మీద ఎవరో చెయ్యి పెట్టి నెడుతున్నట్టుగా ఉంది. సరిగ్గా అప్పుడే భాయ్ వంతు వచ్చింది. ఆయన మొదటి రాయి దాటాడు. రెండవ రాయి రాలేదు.

అక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. అంచులు తవ్వి, కంకర పోసి, పాత కిలోమీటరు రాళ్ళన్నీ పీకేశారు. కొంత దూరం పోయాక నాకు ఆ సంగతి అర్థమయింది. అయినా నేను రెండవ రాయి కోసం చూస్తూనే ఉన్నాను. నాకు ముందు బారెడు దూరంలో భాయ్ కుడికాలు తొక్కు తొక్కుకూ బయటికి వంకర పోతున్నది. అదీ కనబడుతూనే ఉన్నది. నేను ఆ కాలి మీది నుంచి చూపు తిప్పి రోడ్డు అంచును చూశాను.

నా వెనుక నుంచి టీచరమ్మ అరిచింది. “బాబాయ్ గారూ, చాలు! మీరు ముందుకి పోండి!”

“రెండవ రాయి రాలేదమ్మా.”

“యాడుంది రావటానికి? పీకి పారేశారుగా!”

“తరువాత వచ్చే రాయి దగ్గర మారతాం.”

ఈ మాటలన్నీ భాయ్‌కి వినబడ్డాయి. ఆయన తల తిప్పలేదు. ఒక్కసారి మోచెయ్యి ఆడించి ఉంటే నేను వెంటనే ముందుకు వెళ్ళేవాణ్ణి. అది నా కాగితంలో లేకపోయినా ఆటలో ఉంది. ఆయన చేతులు రెండూ హ్యాండిలు మీద బిగిసి, మోచేతులు కట్టెల్లా కదలకుండా ఉండిపోయాయి. ఎంత దూరం అలా తొక్కాడో చెప్పలేను, కొలవడానికి రాళ్ళు లేవు. చివరకు ఆయన బ్రేకు వేయలేదు. సైకిలే నెమ్మదించి, నెమ్మదించి, ఒక టీ బడ్డీ ముందు ఆగింది. ఎడమకాలు కింద పెట్టి నిలబడ్డాడు. కుడికాలు దించలేకపోయాడు.

ఇద్దరం పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాము. టీచరమ్మ కింద కూర్చుని మోకాలి చుట్టూ వేళ్ళతో ఒత్తి చూసింది. “వాచింది. ఇంతసేపు ఎందుకు తొక్కావన్నా?”

“రాయి రాలేదుగా” అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. “మాచర్ల దాకా రాళ్ళు లేకపోతే మాచర్ల దాకా ఈయన్నే ముందుంచేవాళ్ళా బాబాయ్ గారూ?”

నిజం చెప్పాలంటే ఉంచేవాణ్ణేమో.

భాయ్ మొహం తుడుచుకుని, ఎవరి మీదా కోపం లేని గొంతుతో అన్నాడు. “మాచర్ల బస్సు వచ్చిద్ది. సైకిళ్ళు పైన పడేసి పోదాం. ఇంక నా వల్ల కాదు.”

“బస్సెందుకు? వెనకాల రా. గాలి తగలకుండా మేమిద్దరం ముందు తొక్కుతాం. నువ్వు చిన్న గేర్లో ఊరికే కాళ్ళు తిప్పు. దానికి మోకాలు ఒప్పుకుంటే సాగరు పోతాం, ఒప్పుకోకపోతే అక్కడే బస్సెక్కుదువుగాని” అంది టీచరమ్మ.

“అట్టా పోతే ఏంది, బస్సులో పోతే ఏంది? రెండూ ఒకటేగా. సారే చెప్పారు.”

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. తెర మీది ఎర్ర చొక్కావాణ్ణి అన్నాననుకున్న మాటను ఆయన తన మీదకు తీసుకున్నాడు. ఆ వాదం జరిగిన సాయంత్రానికే తన మోకాలి సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. గాలిచాటున తప్ప సాగరు చేరలేనివాడు నా ముందు కూర్చుని ఉండగా, అలా చేరినవాడు చేరనట్టేనని నేను తీర్పు చెప్పాను. దాన్ని తప్పించుకోవడానికే ఆయన మోచెయ్యి ఆడించలేదు.

క్షమించమని అడగడం నా జీవితంలో నేను ఎక్కువగా చేసిన పని కాదు. జేబులోంచి నియమాల కాగితం, కలం తీశాను. నాలుగవ నియమం మీద అడ్డంగా గీత గీశాను.

భాయ్ మెడ చాచి చూశాడు. “కోర్టులో ఒకసారి రాసింది కొట్టేస్తారా సార్?”

“కొట్టివేస్తారు. కొట్టివేసిన చోట పక్కన పొట్టి సంతకం పెడతారు. సంతకం లేకపోతే ఆ కొట్టివేత చెల్లదు” అని, సంతకం పెట్టాను.

“మరి ఆ రోజు నోటితో అన్నది? అది కాయితం మీద లేదుగా. లేనిదాన్ని ఎట్టా కొడతారు?”

టీచరమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకున్నట్టు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భాయ్ నవ్వడం లేదు. అడిగినదానికి జవాబు కావాలన్నట్టే చూస్తున్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. నేను కాగితం వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టి, ఆ సాయంత్రం అన్న మాటను ఒక్క అక్షరం వదలకుండా రాశాను. ఇంకొకడి వీపు చాటున దారి గడిపేవాడు దగ్గర మొదలుపెట్టి, చేరినా చేరినట్టు కాదు దాకా. నోటితో అన్నప్పుడు కంటె రాసినప్పుడు అది చాలా కఠినంగా కనిపించింది. దాని మీద రెండు గీతలు గీసి, పక్కన పూర్తి సంతకమే పెట్టి, కాగితం ఆయన చేతికిచ్చాను.

“ఆ మాట తప్పు భాయ్. ఆ మాట అన్నందుకు నన్ను క్షమించండి” అన్నాను.

ఆయన తీరిగ్గా చదివాడు. “అక్షరాలు మాత్రం చానా బాగున్నయ్ సార్” అని టీచరమ్మకు అందించాడు. “సాక్షి సంతకం పెట్టమ్మా. రేపు కాదంటారు.”

ఆమె సంతకం పెట్టింది. ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తరువాత ముగ్గురం టీ తాగాము. టీచరమ్మ సంచిలోంచి సాగే కట్టు తీసి మోకాలికి చుట్టి, లేచి ఆయన సైకిలును ఒకసారి పరకాయించి చూసింది.

“సీటు ఇంత కిందకి పెట్టుకుంటే మోకాలు అరక్క ఏమయిద్ది? ఊరందరి సీట్లు సరిచేసేవాడివి, నీది నువ్వు చూసుకోలేదా?”

“షాపులో కాలు కింద పెట్టి నిలబడేదానికి వీలుగా ఉంటదని పెట్టుకున్నాలే. అట్టనే అలవాటైంది” అని గొణిగి, ఆయనే పానా తీసి సీటును వేలెడు పైకి లేపుకున్నాడు.

ఆ తరువాత రాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. నేనూ టీచరమ్మా అలిసినప్పుడల్లా మోచెయ్యి ఆడించుకుంటూ మార్చుకున్నాము. భాయ్ మా ఇద్దరి వెనుక వచ్చాడు. చాటున ఉన్నవాడు ఒదిగి ఉంటాడనుకున్నాను. ఒదగలేదు సరికదా, ఆజ్ఞలు మొదలుపెట్టాడు.

“సార్, కాస్త ఎడమకి జరగండి. గాలి ఆ పక్క నుంచి కొడతంది, నాకు చాటు చాలట్లా.”

జరిగాను.

“మీరు సన్నగా ఉంటారు సార్, అదే చిక్కు. భుజాలు కాస్త వెడల్పు చెయ్యండి.”

“అన్నా, ఇంకా ఎక్కువైతే బస్సెక్కిస్తా” అని టీచరమ్మ బెదిరించింది.

మాచర్లలో ఆగి మోకాలు చూశాము. వాపు ఎక్కువ కాలేదు. “పోదామా?” అని అడిగితే ఆయన అప్పటికే సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ఊరు దాటాక రోడ్డు మిట్టలెక్కుతుంది, గాలికి అడ్డమేమీ ఉండదు. ఎక్కువ దూరం నేనే ముందున్నాను. అందువల్ల నాకొక సంగతి తెలిసింది, దాన్నీ ఇక్కడ రాయడం న్యాయం. వెనుక ఆయన చైను చప్పుడు వినబడకపోయి ఉంటే, ఆ మొదటి పెద్ద మిట్టలోనే నేను దిగి నడిచేవాణ్ణి. నేను నెమ్మదిస్తే ఆయన మోకాలి మీద బరువు పడుతుందన్న భయమే నన్ను తొక్కించింది. ఎవరి కష్టం మీద ఎవరు వచ్చారో విడదీసి చెప్పమంటే నేను చెప్పలేను.

విజయపురి సౌత్ బస్టాండు దగ్గర ఆగుదామని టీచరమ్మ అంటే భాయ్ వినలేదు. డ్యాము కనబడేదాకా పోవాల్సిందేనన్నాడు. వెళ్ళాము. ఎదురుగా గోడ, దాని వెనుక నీళ్ళు, ఎండకు తెల్లగా మెరుస్తూ కనిపించాయి. భాయ్ బ్రేకు వేసి, దిగబోయి, కుడికాలు సీటు మీదుగా దాటించలేక అలాగే నిలబడిపోయాడు. నేను నా సైకిలును నేల మీద పడేసి వెళ్ళి ఆయనను పట్టుకున్నాను. టీచరమ్మ ఆయన సైకిలును ఆయన కింద నుంచి పక్కకు వంచి లాగేసింది. పక్కనున్న చిన్న గోడ మీద కూర్చున్నాడు. గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయన్నాడు. మేము అవునన్నాము.

తరువాత ఫోను తీసి భార్యకు వీడియో కాల్ చేశాడు. ఆమె మొహం తెర మీదకు రాగానే ఫోనును డ్యాము వైపు తిప్పి, చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు.

“చూశావా? సైకిలు మీద వచ్చా. గురజాల కాణ్ణుంచి ఇక్కడిదాకా, సైకిలు మీదే!”

“ఆ నీళ్ళు నేను చూడనివా?” అంది ఆమె. “నీ మోకాలు చూపియ్.”

ఆయన మా ఇద్దరి వైపూ ఒకసారి చూసి, ఫోనును కిందికి తిప్పాడు.